ద్వీపాంతర ‘వాసం’: పోర్ట్ బ్లెయిర్ తొలినాటి శిక్షాస్థావరంలో నిత్యజీవనం, నిర్మాణం (1858–1884)

ఉపోద్ఘాతం

హైదరాబాదు కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీ మీద 1857 జూలై 17న జరిగిన దాడి తెలంగాణ చరిత్రలో సుప్రసిద్ధం. ఆ దాడికి నాయకత్వం వహించిన ఇద్దరిలో తుర్రేబాజ్ ఖాన్ 1859 జనవరిలో చెర నుంచి తప్పించుకొని, తూప్రాన్ సమీపంలో తుపాకీ కాల్పులకు బలయ్యాడు. రెండవవాడు మౌల్వీ అల్లావుద్దీన్. ఆయనకు యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడింది. 1859లో అండమానుకు పంపారు. 1884లో అక్కడే కన్నుమూశాడు. ఆయనను స్మరించే రచనల్లోనూ ప్రసంగాల్లోనూ సెల్యులార్ జైలు గోడల మధ్య మగ్గి మరణించాడన్న మాట తరచు వినిపిస్తుంది. ఈ మాట కాలవిరుద్ధం. సెల్యులార్ జైలు నిర్మాణం 1896లో మొదలై 1906లో ముగిసింది. అల్లావుద్దీన్ మరణించేనాటికి ఆ జైలును కట్టాలన్న ప్రతిపాదన సైతం రూపుదిద్దుకోలేదు.

ఇది ఒక తేదీకి సంబంధించిన పొరపాటు మాత్రమే అయితే ఒక్క వాక్యంతో సవరించి ఊరుకోవచ్చు. కాని దాని వెనుక ఒక చరిత్ర దృష్టి ఉంది. అండమాను అనగానే ఇనుప తలుపు, ఒంటరి కొట్టు, గానుగ తిప్పుతున్న రాజకీయ ఖైదీ మన మనసులో మెదులుతారు. ఈ చిత్రం ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలది. అంతకుముందు నలభై ఏళ్లపాటు అక్కడ ఖైదీని బంధించింది జైలు గోడ కాదు; సముద్రమూ అడవీ జ్వరమూ. ఆ ఖైదీయే అడవి నరికాడు, మడుగులు పూడ్చాడు, బారకాసులు కట్టాడు, తోటి ఖైదీకి కాపలా కాశాడు, చివరకు ఊళ్లు కట్టుకొని కాపురం పెట్టాడు. మన న్యాయభాషలో ఈ శిక్షకు స్థిరపడిన ‘ద్వీపాంతరవాసం’ అనే సమాసంలో ‘కారాగారం’ లేదు, ‘వాసం’ ఉంది. ఆ వాసం ఎలాంటిది, దాని మూల్యాన్ని ఎవరు చెల్లించారు, అది ఎప్పుడు ఎందుకు కొట్టుగా మారింది అన్నవి ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలు. ఇది అల్లావుద్దీన్ జీవితచరిత్ర కాదు. ఆయన ఇరవైఐదేళ్లు బతికిన లోకపు స్వరూప వివరణ.

1. కోఠీ నుంచి సముద్రతీరానికి

1857 వేసవిలో ఔరంగాబాదులోని హైదరాబాదు కంటింజెంటు అశ్వికదళంలో తిరుగుబాటు తలెత్తింది. అక్కడినుంచి తప్పించుకొని నగరానికి వచ్చిన జమాదారు చీదాఖాన్‌నూ ఆయన అనుచరులనూ దివాను సాలార్‌జంగ్ పట్టించి రెసిడెంటు డేవిడ్‌సన్‌కు అప్పగించాడు. వారిని విడిపించాలన్న ఆగ్రహం జూలై 17, శుక్రవారం నాటి ప్రార్థనల అనంతరం రెసిడెన్సీ వైపు సాగిన ఊరేగింపుగా మారింది. రోహిల్లాలు, నగరవాసులు రెసిడెన్సీ ఎదుటి సాహుకార్ల ఇళ్లను ఆక్రమించుకొని రాత్రంతా పోరాడారు. తెల్లవారేసరికి రెసిడెన్సీ ఫిరంగులదే పైచేయి అయింది.

నాయకులిద్దరికీ లభించిన గతులు రెండు రకాల వలసపాలనా విధానాలను సూచిస్తాయి. తుర్రేబాజ్ ఖాన్ శవాన్ని నగరంలో బహిరంగంగా వేలాడదీశారు. అది చూసేవారిని భయపెట్టడానికి ఉద్దేశించిన దండన. అల్లావుద్దీన్‌ను కనుమరుగు చేశారు. అది చూడనివారిని సైతం భయపెట్టే దండన. ఉరితీసినవాడికి సమాధి ఉంటుంది, దర్గా వెలుస్తుంది, జనం గుమిగూడతారు. సముద్రం దాటించినవాడికి అవేవీ ఉండవు. సముద్రయానం వల్ల కులభ్రష్టత్వం కలుగుతుందన్న హిందువుల విశ్వాసాన్ని పాలకులు ఎరిగే ఉన్నారు. ‘కాలాపానీ’ అన్న మాటలోని భయాన్ని శిక్షలో ఒక భాగంగానే లెక్కకట్టారు. మౌల్వీకి కులభ్రష్టత్వ భయం లేకపోవచ్చు. కాని మసీదు, శిష్యులు, బంధువర్గం, సమాధిస్థలం ఒక్కసారిగా తెగిపోవడం ఏ మతస్థుడికైనా ఒక్కటే.

2. ముందున్న నమూనాలు

నేరస్థుడిని సముద్రం దాటించి అతని శ్రమతో కొత్త నేలను లొంగదీసుకొనే పద్ధతి 1858 నాటికి బ్రిటిషువారికి కొత్తది కాదు. 1788 జనవరిలో ఆర్థర్ ఫిలిప్ నాయకత్వాన పదకొండు ఓడల్లో సిడ్నీ రేవుకు చేరిన ఖైదీలతో న్యూ సౌత్ వేల్స్ ఆరంభమైంది. శిక్షాకాలం ముగియకముందే సత్ప్రవర్తన గల ఖైదీకి సొంతంగా పని చేసుకొనే అనుమతిపత్రం ఇచ్చే ‘టికెట్ ఆఫ్ లీవ్’ ఏర్పాటు అక్కడే రూపొందింది.

భారతీయ ఖైదీల ద్వీపాంతర చరిత్ర కూడా ఇంచుమించు అంత పాతదే. సుమత్రాలోని బెంకూలెన్‌కు 1787లో, పినాంగ్‌కు 1790 నుంచి వారిని తరలించసాగారు. 1825లో బెంకూలెన్ డచ్చివారి వశమైనప్పుడు అక్కడి ఖైదీలను సింగపూరుకు మార్చారు. ఆ ఏడాది ఏప్రిల్ 18న చేరిన తొలి జట్టులోని 80 మంది మద్రాసు నుంచి శిక్షపడి వచ్చినవారే. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ జిల్లాలవారందరినీ పాలకులు వాడే ‘మద్రాసీ’ అన్న ఒక్క మాట కప్పివేసింది. మలయా తీరంలో దక్షిణ భారతీయులకు ‘క్లింగ్’ అన్న పేరు వాడుకలో ఉండేది. అది ‘కళింగ’ శబ్దం నుంచి వచ్చిందని పండితులు చెబుతారు. ఖైదీల కాలి సంకెళ్ల చప్పుడు నుంచి పుట్టిందని జనంలో ఒక కథ ఉంది. నిరుక్తిగా ఆ కథ నిలవదు. కాని ఒక జాతి పేరులో సంకెళ్ల మోతను వినగలిగిన సమాజం ఎలాంటిదో అది చెబుతుంది.

సింగపూరులో ఖైదీలు రోడ్లు వేశారు, చిత్తడి నేలలు పూడ్చారు, ఇటుకలు కాల్చారు. 1862లో ప్రతిష్ఠ జరిగిన సెయింట్ ఆండ్రూస్ కెథెడ్రల్ వారి చేతి కట్టడమే. దాని గోడలకు పూసింది ‘మద్రాసు సున్నం’. గవ్వసున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, ముతక చక్కెర కలిపి, కొబ్బరిపీచు నానిన నీటితో తయారు చేసిన గచ్చు. ఖైదీలలో నమ్మకస్థులను ఎంచి తోటివారికి కాపలాదారులుగా నియమించే పద్ధతి అక్కడ పకడ్బందీగా స్థిరపడింది. అయితే 1857 తరువాత పట్టుబడిన తిరుగుబాటుదారులను తమ వర్తక నగరంలోకి రానివ్వడానికి సింగపూరు యూరోపియన్లు ఇష్టపడలేదు. వేలాదిమందిని ఉంచడానికి మరో చోటు కావలసివచ్చింది. అందుకు ప్రభుత్వం దృష్టి, అరవై ఏళ్ల కిందట విడిచిపెట్టిన ఒక ప్రయత్నం మీదికి మళ్లింది. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అండమానులో స్థాపించిన తొలి స్థావరాన్ని జ్వరాలు, మరణాల కారణంగా 1796లో ఎత్తివేశారు. ఆ చోటికే మళ్లీ వెళ్లాలని నిశ్చయమైంది.

3. తొలి నెలల లెక్క

ఎఫ్. జె. మౌఆట్ అధ్యక్షతన ఒక సంఘం 1857 చివర ద్వీపాలను పరిశీలించి స్థలనిర్ణయం చేసింది. 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో ‘సెమిరామిస్’ అనే ఓడలో దిగాడు. వాకర్ అంతకుముందు ఆగ్రా జైలు అధికారి. ఆయన వెంట ఉన్నది ఒక చిన్న నావికా కాపలా దళం. జైలు లేదు, ఇల్లు లేదు, గుడారాలు తప్ప నీడ లేదు. మొదట చాథమ్ దీవిలో పని ఆరంభించారు. అక్కడ మంచినీటి కొరత ఏర్పడటంతో రాస్ దీవికి మారారు. నీటి అంచు దాకా అల్లుకున్న అడవిని గొడ్డళ్లతో వెనక్కు నెట్టడమే మొదటి దినచర్య.

1858 జూన్ మధ్యనాటికి స్థావరానికి చేరినవారు 773 మంది. వారిలో 64 మంది ఆస్పత్రిలో మరణించారు. 140 మంది పారిపోయి మళ్లీ కనిపించలేదు. ఒకరు ఆత్మహత్య చేసుకున్నారు. పారిపోయే ప్రయత్నంలో పట్టుబడిన 87 మందిని వాకర్ ఉరితీయించాడు. మిగిలినవారు 481. అంటే మూడు నెలలు గడిచేసరికి నూటికి సుమారు 38 మంది లెక్కలో లేకుండా పోయారు. ఈ ఉరిశిక్షలను కలకత్తా ప్రభుత్వమే ఆమోదించలేదు. ఇకపై పలాయనానికి ఉరి వేయరాదని ఆదేశించింది. ఈ లెక్కలో ఆలోచింపజేసే అంశం మరొకటి ఉంది. ఆస్పత్రి మరణాలకంటే ఉరికంబం మీది మరణాలు ఎక్కువ. ఆ రెంటికంటే అడవిలోకి వెళ్లి అదృశ్యమైనవారు ఇంకా ఎక్కువ. తిరుగుబాటు సిపాయిలకు దీవుల భూగోళం తెలియదు. అడవి దాటితే ఆవల బర్మా దేశం వస్తుందని కొందరు నమ్మి బయలుదేరారు. చాలామందికి ఎదురైనవి అండమాను ఆదివాసుల బాణాలు, ఆకలి మాత్రమే.

ఆ పలాయితులలో దూధ్‌నాథ్ తివారీ కథ విలక్షణమైనది. 1858లో పారిపోయిన ఈ సిపాయి తోటివారందరూ హతులు కాగా తాను గాయాలతో బయటపడి, ఏడాదికి పైగా ఆదివాసుల నడుమ వారి కుటుంబాల్లో ఒకడిగా బతికాడు. 1859లో వారు అబర్డీన్ మీద దాడికి సిద్ధపడుతున్నప్పుడు తిరిగివచ్చి అధికారులను హెచ్చరించాడు. మే నెలలో జరిగిన ఆ ఘర్షణలో తుపాకుల ముందు విల్లంబులు నిలవలేదు. తివారీకి క్షమాభిక్ష లభించింది. తనను బతికించినవారిని పట్టించి తన స్వేచ్ఛను సంపాదించుకున్న ఈ మనిషిని ద్రోహి అనడం తేలిక. ఖైదీకి స్వేచ్ఛ దొరికే మార్గాలను స్థావరం ఎంత ఇరుకుగా అమర్చిందో చూడటం చరిత్రకారుని పని. ఈ ఘర్షణ జరిగిన కొద్ది వారాలకే, 1859 జూన్‌లో, అల్లావుద్దీన్‌ను అండమానుకు పంపారు.

4. గొడ్డలి, సంకెల, కొయ్యబిళ్ల

స్థావరం పెరుగుతున్నకొద్దీ దాని అంతర్నిర్మాణం స్పష్టమైంది. రాస్ దీవి అధికార కేంద్రం. సూపరింటెండెంటు, యూరోపియను కుటుంబాలు, చర్చి, సైనికుల బారకాసులు అక్కడే. ఎదుటి తీరాన అబర్డీన్, హడో, ఫీనిక్స్ బే వంటి చోట్ల ఖైదీల బారకాసులు, పనిస్థలాలు వెలిశాయి. వైపర్ దీవి ఖైదీలలోనే శిక్షపడినవారికి. గొలుసు జట్లు, జైలు, ఉరికంబం అక్కడ ఉండేవి. సౌత్ పాయింట్‌లో స్త్రీల జైలు ఏర్పడింది. అంటే శిక్షలోని తరతమ భేదాలను గోడలతో కాక దీవులతో, రేవులతో విభజించారు. ఒక ఖైదీ ఏ ఒడ్డున నిద్రించేవాడో తెలిస్తే అతని శిక్ష ఏ దశలో ఉందో చెప్పవచ్చు.

ఖైదీ మెడలో ఇనుప కడియానికి ఒక కొయ్యబిళ్ల వేలాడేది. దానిమీద అతని సంఖ్య, శిక్షపడిన సెక్షను, శిక్ష విధించిన తేదీ, విడుదల తేదీ చెక్కి ఉండేవి. ఈ బిళ్లను ‘టికెట్’ అనేవారు. పదేళ్ల సత్ప్రవర్తన తరువాత దొరికే స్వయంపోషణ అనుమతిని కూడా ‘టికెట్’ అనే అనేవారు. మెడకు వేసిన టికెట్టు నుంచి చేతికి వచ్చే టికెట్టు దాకా సాగే ప్రయాణమే స్థావరంలో ఖైదీ జీవితం.

ఖైదీలను జట్లుగా విభజించి, ప్రతి జట్టుకూ ఖైదీలలోంచే ఒక నాయకుణ్ణి నియమించారు. పై మెట్టుకు చేరినవాడికి కొంత భత్యం, కొంత అధికారం. తప్పు చేస్తే మళ్లీ గొలుసు జట్టులోకి పతనం. స్వల్పసంఖ్యలో ఉన్న యూరోపియను అధికారులు వేలమందిని అదుపులో పెట్టగలిగారంటే కారణం ఈ అమరికే. జైలు గోడ చేయవలసిన పనిని ఇక్కడ ఖైదీల నడుమ ఏర్పడిన అంతస్తుల అమరిక చేసింది.

పని ప్రధానంగా మూడు విధాలు: అడవి నరకడం, మడ అడవుల చిత్తడినేలలను కట్టలు వేసి పూడ్చడం, కట్టడాలు. చిత్తడి పూడ్చడం అన్నిటికంటే ప్రాణాంతకం. నడుము లోతు బురదలో రోజంతా నిలబడిన మనిషికి చలిజ్వరం, పుళ్లు, రక్తవిరేచనాలు తప్పేవి కావు. ఆ నేలలు పూడినకొద్దీ స్థావరపు మరణాలు తగ్గుముఖం పట్టాయి. ‘ఆరోగ్యకరమైన’ పోర్ట్ బ్లెయిర్ అనేది తొలి దశాబ్దపు ఖైదీలు తమ ఆరోగ్యాన్ని బురదలో కలిపి చేసిన నేల. ఆపైన కొబ్బరి తోటలు, కూరగాయల మళ్లు, పశువుల కొట్టాలు వచ్చాయి. 1883లో అటవీశాఖ ఏర్పడి చాథమ్‌లో కలప కోతమిల్లు మొదలైంది. పడౌక్ దుంగలు ఓడలకెక్కాయి. అల్లావుద్దీన్ మరణించేనాటికి తాను అడుగుపెట్టిన అడవి ఒక ఎగుమతి రేవుగా మారింది.

5. రెండు సాక్ష్యాలు

ఈ కాలపు నిత్యజీవనాన్ని లోపలి నుంచి చూపే ఖైదీల రచనలు రెండు ప్రసిద్ధమైనవి ఉన్నాయి. ఒకటి ఫజ్ల్-ఎ-హక్ ఖైరాబాదీ అరబీలో రాసిన వృత్తాంతం. రెండవది జాఫర్ థానేసరీ ఉర్దూ స్వీయచరిత్ర. ఖైరాబాదీ ఉత్తర భారతదేశంలో పేరుగాంచిన తార్కికుడు, కవి. 1859లో అండమానుకు చేరి 1861లో మరణించాడు. ఆయన రచనలో దీవి ఒక నరకం. గాలి, నీరు, తిండి, తెగులు, అవమానం అన్నీ దేహాన్ని తినివేసేవే.

థానేసరీ 1866 జనవరిలో వచ్చి 1883 దాకా అక్కడ ఉన్నాడు. అక్షరాస్యుడు కావడంతో కచేరీలో మున్షీ పని దొరికింది. అక్కడే ఇంగ్లీషు నేర్చుకున్నాడు, అధికారులకు పాఠాలు చెప్పాడు, పెళ్లి చేసుకున్నాడు, విడుదలైనప్పుడు భార్యాబిడ్డలతో స్వదేశానికి తిరిగివచ్చాడు. ఆయన రచనలో దీవి ఒక వింత సమాజం. దేశదేశాల మనుషులు కలిసి బతికే చోటు.

ఈ రెండు సాక్ష్యాలలో ఒకటి నిజం, మరొకటి అబద్ధం కావు. వాటి మధ్య తేడాకు ప్రధాన కారణాలు రెండు. మొదటిది కాలం. ఖైరాబాదీ చూసింది గుడారాల కాలం. థానేసరీ చూసింది కచేరీల కాలం. రెండవది కలం. స్థావరం పెరిగేకొద్దీ లెక్కలు రాసేవారు, అర్జీలు అనువదించేవారు అవసరమయ్యారు. అక్షరం వచ్చిన ఖైదీ గొడ్డలి నుంచి తప్పించుకోగలిగాడు, రానివాడు తప్పించుకోలేకపోయాడు. అల్లావుద్దీన్ ఈ రెండు కాలాలనూ దాటి బతికాడు. ఒకే మనిషి జీవితకాలంలో స్థావరం ఎంత మారిందో చెప్పడానికి ఆయన ఉనికి ఒక కొలమానం. ఆయనను సెల్యులార్ జైలు కొట్టులో కూర్చోబెట్టినప్పుడు మనం చెరిపివేస్తున్నది ఆ మార్పునే.

6. ఊరు, కుటుంబం, భాష

యావజ్జీవ ఖైదీ పదేళ్లు శ్రమించిన తరువాత ‘స్వయంపోషకుడు’గా గ్రామంలో నివసించే అర్హత పొందేవాడు. వ్యవసాయం చేసుకోవచ్చు, పశువులను పెంచుకోవచ్చు, పెళ్లాడవచ్చు, స్వదేశం నుంచి కుటుంబాన్ని రప్పించుకోవచ్చు. కాని అనుమతి లేకుండా ఊరు దాటరాదు, పని లేకుండా ఉండరాదు, పౌరహక్కులు లేవు. 1874లో హెన్రీ నార్మన్ పరిశీలన తరువాత, ఇరవై ఇరవైఐదేళ్లు గడిపిన యావజ్జీవ ఖైదీకి విడుదల అవకాశం ఒక పద్ధతికి వచ్చింది. న్యూ సౌత్ వేల్స్‌తో పోలిక ఇక్కడ ఆగిపోతుంది. అక్కడ శిక్ష ముగిసిన ఖైదీ భూస్వామి కాగలిగాడు. అతని సంతానం స్వపరిపాలన గల సమాజమైంది. ఇక్కడ నేల ఎప్పటికీ సర్కారుదే. సాగుచేసిన చేతులకు దానిమీద హక్కు రాలేదు.

స్త్రీ ఖైదీలు ఎప్పుడూ అల్పసంఖ్యాకులే. సౌత్ పాయింట్ జైలులో వారు నేత, కుట్టు, పిండి విసరడం వంటి పనులు చేసేవారు. నిర్ణీత కాలం గడిచాక స్వయంపోషక పురుషుణ్ణి పెళ్లాడటానికి అనుమతి లభించేది. వరుసగా నిలిచిన స్త్రీల నుంచి పురుషుడు వధువును ఎంచుకొనే ఏర్పాటును అధికారులు సంస్కరణగా భావించారు. జైలు నుంచి బయటపడటానికి స్త్రీకి ఉన్న ముఖ్యమైన దారి పెళ్లి ఒక్కటే అయినప్పుడు ఆమె అంగీకారానికి ఎంత అర్థముంటుందో ఆ నివేదికలు ప్రశ్నించవు. అయినా ఆ వివాహాల నుంచే కులం, ప్రాంతం, భాష కలగలిసిన కొత్త తరం పుట్టింది. వారిని ‘లోకల్ బార్న్’ అని పిలిచారు. పుట్టింది ఖైదీలకు, కాని తాము ఖైదీలు కారు; పుట్టిన నేల తమది, కాని దానిపై హక్కు లేదు.

భాష విషయంలో స్థావరం ఒక ప్రయోగశాల వంటిది. బెంగాలీ, పంజాబీ, మరాఠీ, తమిళం, తెలుగు, బర్మీ మాట్లాడేవారు ఒకే బారకాసులో పడుకునేవారు. జట్టు నాయకుడి ఆజ్ఞ అందరికీ అర్థం కావాలి. ఆ అవసరం నుంచి ఒక సరళమైన హిందుస్తానీ ఉమ్మడి భాషగా స్థిరపడింది. లోకల్ బార్న్ తరానికి అదే మాతృభాష అయింది. మద్రాసు రాజధాని నుంచి వచ్చిన తెలుగు ఖైదీకి ఇది రెండో శిక్ష వంటిది. దక్కనీ వాడుకలో పెరిగిన హైదరాబాదీకి ఆ హిందుస్తానీ పరాయిది కాదు. గోదావరి మన్యం నుంచి వచ్చినవాడికి పూర్తిగా పరాయిది. 1879లో చెలరేగిన రంప పితూరీ అణచివేత తరువాత శిక్షపడిన మన్యంవాసులను అండమానుకు పంపినప్పుడు ఈ వ్యత్యాసం ప్రత్యక్షమై ఉండాలి. అడవిని తల్లిగా నమ్మి, కల్లు పన్నుకు ఎదురుతిరిగినవారు ఇక్కడ సర్కారు కోసం అడవి నరకవలసివచ్చింది. హైదరాబాదు మౌల్వీ, రంప కొండదొర ఒకే కాలంలో ఒకే స్థావరపు నివాసులు. నిజాం రాజ్యం, మద్రాసు రాజధాని అనే సరిహద్దులతో విడదీసి మనం రాసుకున్న చరిత్రలు ఈ దీవిలో కలుస్తాయి.

7. అభివృద్ధి ఎవరిది?

స్థావరం ఏర్పడేనాటికి గ్రేట్ అండమానీ తెగలవారు కొన్ని వేలమంది ఉండేవారు. అబర్డీన్ ఘర్షణ తరువాత పాలకులు విధానం మార్చారు. 1863లో రాస్ దీవిలో ‘అండమాన్ హోమ్’ నెలకొల్పి, ఆదివాసులను చేరదీసి తిండి, బట్ట, పొగాకు ఇచ్చి ‘మచ్చిక’ చేసే ప్రయత్నం ఆరంభించారు. పారిపోయిన ఖైదీలను పట్టితెచ్చే పని కూడా వారికి అప్పగించారు. ఆ సాన్నిహిత్యం వెంట సుఖవ్యాధులు, 1877లో తట్టు వంటి అంటువ్యాధులు వచ్చాయి. తుపాకులు చేయలేని పనిని అవి చేశాయి. 1901 జనాభా లెక్కల్లో గ్రేట్ అండమానీలు 625 మంది మాత్రమే మిగిలారు. అదే సంవత్సరం ఖైదీల సంఖ్య సుమారు 12,000.

ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన ఉంచితే ‘అభివృద్ధి’ అన్న మాట అర్థం తేలుతుంది. ఖైదీ తాను బాధితుడే. అయినా అతని గొడ్డలి మరొకరి అడవిని నరికింది. ఆదివాసి తాను నేల కోల్పోతున్నవాడే. అయినా అతని బాణం పారిపోతున్న ఖైదీని తిరిగి సంకెళ్లలోకి నెట్టింది. పీడితులు ఇద్దరినీ ఒకరిపై ఒకరిని కాపలా పెట్టడం ఈ స్థావరపు అసలు యంత్రాంగం. అండమాను చరిత్రను కేవలం స్వాతంత్ర్యవీరుల తీర్థయాత్రగా రాసినప్పుడు ఈ రెండో విషాదానికి చోటు దొరకదు.

8. వాసం నుంచి కొట్టుకు

బహిరంగ స్థావరపు స్వభావం ప్రపంచానికి తెలిసివచ్చిన ఘట్టం 1872 ఫిబ్రవరి 8న జరిగింది. వైస్రాయి లార్డ్ మేయో హోప్‌టౌన్ రేవులో పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అఫ్రీదీ అనే పఠాను ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. అతడు గొలుసు జట్టులోని ఖైదీ కాదు; సత్ప్రవర్తన వల్ల స్వేచ్ఛగా తిరుగుతూ క్షురకవృత్తి చేసుకుంటున్నవాడు. మార్చిలో అతనిని వైపర్ దీవిలో ఉరితీశారు. భారతదేశపు అత్యున్నత అధికారిని ఒక ఖైదీ సమీపించగలిగాడంటే, ఆ ఖైదీ జీవితం ‘జైలు’ అన్న మాటకు ఎంత దూరంగా ఉండేదో గ్రహించవచ్చు.

1890లో సి. జె. లయల్, ఎ. ఎస్. లెత్‌బ్రిడ్జ్ స్థావరాన్ని పరిశీలించి ఇచ్చిన నివేదిక నిర్ణాయకమైనది. ద్వీపాంతరమంటే జనానికి పూర్వపు భయం పోయిందని, స్వదేశపు జైళ్లకంటే అండమానునే ఖైదీలు కోరుకుంటున్నారని వారు గుర్తించారు. అందువల్ల కొత్తగా వచ్చిన ప్రతి ఖైదీనీ తొలి దశలో ఒంటరి కొట్టులో ఉంచాలని సిఫారసు చేశారు. ఏడు బారులతో, దాదాపు ఏడువందల కొట్లతో నిర్మితమైన సెల్యులార్ జైలు ఆ సిఫారసు ఫలితం. దానిని కట్టిందీ ఖైదీలే. అంటే ఆ జైలు అండమాను శిక్షకు ఆరంభం కాదు, ఒక మలుపు. ముప్పై ఏళ్ల సహజీవనంలో ఖైదీలు ఆ నేలను నివాసయోగ్యం చేసుకున్నందువల్ల, శిక్షలోని భీతిని తిరిగి నెలకొల్పడానికి పాలకులు కట్టిన గోడ అది. ఇరవయ్యో శతాబ్దంలో అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర, కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వేంకటాచారి చేరింది ఈ రెండో అండమానుకు. వారి అనుభవాన్ని వెనక్కు జరిపి అల్లావుద్దీన్‌కు ఆపాదించడం వల్ల ఇద్దరి చరిత్రకూ అన్యాయం జరుగుతుంది.

ఉపసంహారం

శిక్షాస్థావరం 1945లో రద్దయింది. ‘ద్వీపాంతరవాసం’ 1955 నాటి చట్టసవరణతో భారత శిక్షాస్మృతి నుంచి తొలగి, దాని స్థానంలో ‘యావజ్జీవ కారాగారం’ వచ్చింది. ఇటీవలి కాలంలో రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ పేరు, పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అన్న పేరు వచ్చాయి. ఏ పేరుతో పిలిచినా ఆ నగరపు రేవులు, రోడ్లు, పూడ్చిన చిత్తడినేలలు సంఖ్యలుగా మాత్రమే మిగిలిన మనుషుల శ్రమఫలాలు. స్వాతంత్ర్యానంతరం ఉత్తరాంధ్ర తీరం నుంచి వలసవెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు నేడు నడుస్తున్నది ఆ నేల మీదనే.

పై పరిశీలన వల్ల తేలేవి మూడు. ఒకటి, 1858–1884 నాటి అండమాను జైలు కాదు. శ్రమ, అంతస్తులు, పరస్పర నిఘా ఆధారంగా నడిచిన వలస స్థావరం. రెండు, దాని అభివృద్ధి ఖైదీల దేహాల మీద, ఆదివాసుల వినాశనం మీద ఏకకాలంలో నిలిచింది. మూడు, సెల్యులార్ జైలును ఆ మొత్తం చరిత్రకు ప్రతీకగా వాడటం వల్ల తొలి తరం ఖైదీల అనుభవం మరుగున పడుతుంది. మౌల్వీ అల్లావుద్దీన్‌ను స్మరించేటప్పుడు ఆయన చూడని కొట్టును ఆయనకు కట్టబెట్టనక్కరలేదు. పుట్టిన ఊరు కనిపించని ఒడ్డున, ఇరవైఐదేళ్లు, ఆకాశం కింద గడపడం దానికంటే తేలికైన శిక్ష ఏమీ కాదు. ఆయన శిక్షకు ‘వాసం’ అనే పేరే సరైనది. ఆ మాట బరువును గుర్తించడం మన చరిత్రరచన చేయవలసిన పని.